టికెట్టు అమ్మిన చేతికి బేడీలు



1981 జనవరిలో జపాన్ ప్రధాని జెంకో సుజుకి ఆగ్నేయాసియా పర్యటనకు వెళ్లాడు. సాయం, వ్యాపారం, స్నేహం గురించి మాట్లాడదామని బయలుదేరిన ఆయనకు మనీలాలోనూ, బ్యాంకాక్‌లోనూ మహిళా సంఘాల నిరసన ఎదురైంది. వాళ్ల కోపమంతా ఆయన దేశపు సెక్స్ టూర్ల మీద. ఆ రోజుల్లో జపాన్‌లో కొన్ని కంపెనీల దగ్గర ప్యాకేజీ కొంటే విమానం టికెట్టు, హోటలు గది, భోజనం, రాత్రికి ఒక అమ్మాయి, అన్నీ ఒకే బేరంలో కుదిరేవి. మగవాళ్లు ఆఫీసు స్నేహితులతో కలిసి గుంపులుగా వెళ్లేవాళ్లు. మొదట తైవాన్ వెళ్లారు. 1972లో జపాన్ చైనాతో సంబంధాలు కలుపుకుని తైవాన్‌తో తెంచుకున్నాక సియోల్ దారి పట్టారు. 1973లో అక్కడి విద్యార్థినులు కింపో విమానాశ్రయంలోనే నిరసనకు దిగారు. ఆ తర్వాతి మజిలీలే మనీలా, బ్యాంకాక్.

ప్రధానికి జరిగిన పరాభవం పనిచేసిందనే చెప్పాలి. పేరున్న కంపెనీలు సిగ్గుపడి వెనక్కి తగ్గాయి. గుంపుగా వెళ్లే టూర్లు పలచబడ్డాయి. వెళ్లిన దేశంలో చట్టవిరుద్ధమైన పనికి ట్రావెల్ ఏజెంటు తోడ్పడకూడదని జపాన్ ట్రావెల్ ఏజెన్సీ చట్టంలో నిబంధన కూడా ఉంది. అయితే కథ అక్కడితో ముగియలేదు. మగవాళ్లను అక్కడికి పంపడం కష్టమయ్యేసరికి వ్యాపారం తిరగబడి, ఆడవాళ్లను జపాన్‌కే రప్పించడం మొదలుపెట్టింది. పాటలు పాడే, నాట్యం చేసే కళాకారులకని పెట్టిన వీసా ఒకటుండేది. దాని మీద ఫిలిప్పీన్స్ నుంచి అమ్మాయిలు జపాన్ బార్లకు చేరారు. 2004 ఒక్క సంవత్సరంలోనే ఆ వీసాతో వచ్చిన ఫిలిప్పీన్స్ వాళ్లు 80 వేలు దాటారు. అందరూ బలవంతంగా వచ్చారని కాదు, అందరూ ఒకే పనిలో ఉన్నారనీ కాదు. కానీ అందులో మనుషుల అక్రమ రవాణా ఎంత ఉందో ప్రపంచమంతా వేలెత్తి చూపింది. 2005లో జపాన్ వీసా నిబంధన బిగించింది. 2006కల్లా ఆ సంఖ్య 10 వేల లోపుకు పడిపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, విదేశీ సెక్స్ టూర్లు అమ్మేవాళ్ల మీద చట్టం తెస్తే ఫలితం ఉంటుందా అని అడిగినప్పుడల్లా రెండు జవాబులు వినిపిస్తాయి. ఇది లోకం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, చట్టం ఏం చేస్తుంది అనేది ఒకటి. కఠినమైన శిక్షలు వేస్తే అంతా అదే దారికి వస్తుందనేది రెండోది. జపాన్ అనుభవం ఈ రెంటినీ తప్పంటోంది. ఒత్తిడి వస్తే వ్యాపారం దారి మార్చింది. కొత్త దారి మీద కూడా ఒక గేటు పడగానే చిక్కిపోయింది. గేటు పడింది కొనేవాడి మనసు మీద కాదు, అమ్మేవాడు వాడుకునే కాగితం మీద. నా వాదన కూడా అదే. ఈ వ్యాపారంలో చట్టానికి అందుబాటులో ఉన్నవాడు అమ్మేవాడే. వాణ్ని వదిలేసి కొనేవాడి వెంట దేశదేశాలు తిరిగితే ఫలితం తక్కువ, ఖర్చు ఎక్కువ.

కొనేవాణ్ని పట్టుకోవడం ఎంత కష్టమో చూడండి. పట్టాయాలో ఒక స్వీడన్ దేశస్థుణ్ని పద్నాలుగేళ్ల పిల్లవాడి విషయంలో థాయ్ పోలీసులు పట్టుకున్నారు. బెయిలు మీద బయటికొచ్చి, కొత్త పాస్‌పోర్టు సంపాదించి సొంతదేశం చేరుకున్నాడు. స్వీడన్ కోర్టు 1995లో అతన్ని విచారించి శిక్ష వేసింది. విదేశంలో చేసిన నేరానికి స్వదేశంలో శిక్ష పడిందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. శిక్ష ఎంతయ్యా అంటే మూడు నెలలు!

అమెరికా 1994లో తెచ్చిన చట్టం ప్రకారమైతే, విమానం ఎక్కేటప్పుడే ఆ మనిషి మనసులో ఆ ఉద్దేశం ఉందని రుజువు చేయాలి. మనసులోని మాటకు సాక్షి ఎక్కడ దొరుకుతాడు? 2003లో ఆ ఇబ్బంది తీసేసి, అక్కడికి వెళ్లి పిల్లలతో ఆ పని చేస్తే చాలు, 30 ఏళ్ల దాకా జైలు అన్నారు. ఆ చట్టం కింద మొదట శిక్ష పడినవాడు కాంబోడియాలో పట్టుబడిన డెబ్బై ఏళ్ల వృద్ధుడు. మంచిదే. కానీ అలాంటి కేసు ఒక్కటి నిలబడాలంటే ఆ దేశానికి పోలీసులు వెళ్లాలి, ఆ భాష తెలిసినవాళ్లు కావాలి, పదేళ్ల పిల్ల పరాయి దేశపు కోర్టు ముందు నోరు విప్పాలి. ఆ పిల్ల వయసుకు కాగితం ఉండదు. ఇంటివాళ్లకు డబ్బు ముట్టజెప్పి ఉంటారు.

అందుకే కొన్ని దేశాలు నేరస్థుడు గడప దాటకముందే ఆపడం మొదలుపెట్టాయి. ఆస్ట్రేలియా 2017లో, పిల్లల మీద లైంగిక నేరాలకు శిక్ష పడి పోలీసు రిజిస్టరులో ఉన్నవాళ్లకు పాస్‌పోర్టే ఇవ్వకూడదని చట్టం చేసింది. అంతకు ముందు సంవత్సరం అలాంటివాళ్లు దాదాపు 800 మంది విదేశాలకు వెళ్లారని, అందులో సగం మంది ఆగ్నేయాసియాకేనని అప్పటి విదేశాంగ మంత్రి జూలీ బిషప్ చెప్పింది. ఒక్క నిబంధనతో అలాంటివాళ్ల ప్రయాణానికి అడ్డుకట్ట పడుతుందంటే, కోర్టులు ఏళ్ల తరబడి చేయలేని పని పాస్‌పోర్టు ఆఫీసు గుమాస్తా చేస్తాడన్నమాట.

ఇక అమ్మేవాడి సంగతి.

న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ఒక చిన్న టూర్ కంపెనీ ఉండేది. ఫిలిప్పీన్స్‌కు, థాయ్‌లాండ్‌కు మగవాళ్లను తీసుకెళ్లడమే దాని పని. ఈక్వాలిటీ నౌ అనే మహిళా హక్కుల సంస్థ 1996 నుంచి ఆ కంపెనీ మీద పోరాడింది. అధికారులు ముందు పట్టించుకోలేదు. 2003లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ సివిల్ దావా వేశాడు, 2004లో క్రిమినల్ అభియోగాలు వచ్చాయి. కోర్టులో చిక్కు ఎక్కడ పడిందంటే, వ్యభిచారాన్ని ప్రోత్సహించడం న్యూయార్క్‌లో నేరమే కానీ, ఆ వ్యభిచారం జరిగేది సముద్రాల అవతల. ఇక్కడ అమ్మింది టికెట్టు, గది. టికెట్టు అమ్మడం నేరమెలా అవుతుంది? అక్కడ పెద్దవాళ్లు తమ ఇష్టంతో చేసుకున్నదానికి ఇక్కడి ఏజెంటుకు ఏమిటి సంబంధం?

ఈ ప్రశ్నలకు కోర్టు జవాబు చెప్పేలోగా చట్టసభలే చెప్పేశాయి. 2004లో హవాయి రాష్ట్రం, అమెరికాలోనే మొదటిసారిగా, వ్యభిచారం కోసం చేసే ప్రయాణాన్ని అమ్మడమే నేరమంది. అయిదేళ్ల దాకా జైలుతో పాటు ఏజెన్సీ రిజిస్ట్రేషన్ కూడా పోతుంది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రం అదే బాట పట్టింది. 2007లో న్యూయార్క్ తన శిక్షాస్మృతిలో ఒక మాట చేర్చింది. ఆ ప్రయాణం దేనికో తెలిసి అమ్మితే నేరమే, వెళ్లిన దేశంలో ఆ పని చట్టబద్ధమైనా సరే ఇక్కడ అమ్మడం నేరమే అని.

ఈ ఒక్క మాటతో ఏం మారిందో చూడండి. సాక్ష్యం కోసం మనీలా పరిగెత్తనక్కర్లేదు. అక్కడి అమ్మాయిని కోర్టుకు ఈడ్చనక్కర్లేదు. కరపత్రం, ఫోన్ సంభాషణ, బిల్లు, బ్యాంకు ఖాతా అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆ పని అక్కడ జరిగిందని రుజువు చేయాల్సిన భారం కూడా తప్పుతుంది. అమ్మకం జరిగితే చాలు.

ఇందులో ఇంకో మేలు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పట్టాయాలో గానీ మనీలాలో గానీ పోలీసులు బారు మీద దాడి చేస్తే లారీ ఎక్కేది ఎవరు? ఆ అమ్మాయిలే. జరిమానా వాళ్లదే, పోయిన కూలీ వాళ్లదే, ఠాణాలో అవమానం వాళ్లదే. యజమాని మర్నాడు మళ్లీ తలుపు తీస్తాడు. దాడుల వల్ల నష్టపోయేది తామేనని థాయ్‌లాండ్‌లో ఆ వృత్తిలో ఉన్న స్త్రీల సంఘాలు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. వాళ్ల మాటలో న్యాయం ఉంది. హవాయిలో ఏజెంటు రిజిస్ట్రేషన్ రద్దయితే ఏ అమ్మాయికీ సంకెళ్లు పడవు. చట్టం ఎవరి మీద పడుతుందన్నది చిన్న విషయం కాదు. ఇలాంటి వ్యవహారాల్లో అది బలహీనుల మీద పడడమే రివాజు కాబట్టి, ఇది అరుదైన మినహాయింపు.

మరి ఈ చట్టాలను తప్పించుకోలేరా? తప్పించుకుంటారు. తెలివైన ఏజెంటు ప్యాకేజీని ముక్కలు చేస్తాడు. మన దగ్గరే చూడండి. బ్యాంకాక్-పట్టాయా టూరు ప్రోగ్రాం షీటు చేతికి తీసుకోండి. మొదటి రోజు కోరల్ ఐలాండ్, స్పీడు బోటు, ఇండియన్ లంచ్. రెండో రోజు తోటలు, ఏనుగులు, షాపింగు. రాత్రుల దగ్గరికొచ్చేసరికి షీటులో ఒకే మాట ఉంటుంది. ఖాళీ సమయం, మీ ఇష్టం. ఆ ఖాళీ ఎలా నింపాలో కాగితం మీద ఉండదు, బస్సులో గైడు చెబుతాడు. విత్తనాల కంపెనీలూ, ఎరువుల కంపెనీలూ, సిమెంటు కంపెనీలూ టార్గెట్ దాటిన డీలర్లను విమానం ఎక్కించి తీసుకెళ్లడం మన జిల్లాల్లో కొత్త సంగతి కాదు. వెళ్లిన ప్రతివాడూ అందుకే వెళ్లాడనడం అన్యాయం. భార్యాపిల్లలతో వెళ్లి ఏనుగులు చూసి వచ్చినవాళ్లు బోలెడుమంది. కానీ డీలర్లను ఒంటరిగానే రమ్మనే టూరు ఎందుకు పెడతారో అడిగిన కంపెనీ అకౌంటెంటు నాకు ఇంతవరకూ తారసపడలేదు. 2023 నవంబరులో థాయ్‌లాండ్ మనవాళ్లకు వీసా కూడా అక్కర్లేదంది. వీసా అక్కర్లేనప్పుడు ఏజెంటు లేకుండానే వెళ్లిపోవచ్చు.

అసలు పట్టాయా పెరిగిందే అలా. వియత్నాం యుద్ధంలో సెలవు మీద వచ్చే అమెరికన్ సైనికుల కోసం తెరిచిన బార్లు, యుద్ధం ముగిశాక టూరిస్టుల కోసం తెరిచే ఉన్నాయి. ఒకసారి దుకాణం పెట్టాక గిరాకీ ఎవరన్నది దానికి పట్టదు.

మన చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. భారత పౌరుడు విదేశంలో చేసిన నేరాన్ని ఇక్కడ విచారించవచ్చు. దానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. విదేశంలో జరిగే పనికి ఇక్కడ కూర్చుని ప్రోద్బలమిస్తే, ఆ పని ఇక్కడ జరిగితే నేరమయ్యేదైతే, ప్రోద్బలమిచ్చినవాడూ నేరస్థుడే. ఇది పాత శిక్షాస్మృతిలోనూ ఉండేది, భారతీయ న్యాయ సంహిత 47వ సెక్షన్‌లోనూ ఉంది. కాబట్టి పిల్లల విషయంలో ఏజెంటును పట్టుకోవడానికి మన దగ్గర ఆయుధం ఉన్నట్టే. పెద్దవాళ్ల విషయంలో అది పనికిరాదు. పెద్దవాళ్ల మధ్య డబ్బిచ్చి కొనుక్కోవడం మన దేశంలో దానంతటదే నేరం కాదు మరి. పైగా ట్రావెల్ ఏజెన్సీ నడపడానికి కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు తప్పనిసరి కూడా కాదు, ఇష్టమైతే తీసుకోవచ్చు. లేని లైసెన్సును ఎవరు రద్దు చేస్తారు?

ఇప్పటిదాకా మనవాళ్లు కొనేవాళ్లుగా మాట్లాడుకున్నాం. అమ్మేవాళ్లుగా కూడా మాట్లాడుకోవాలి. హైదరాబాద్ పాతబస్తీ సంగతి.

1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ఒక ఎయిర్ హోస్టెస్ ఏడుస్తున్న చిన్నపిల్లను చూసింది. పదేళ్లుంటాయి. పక్కన అరవయ్యేళ్ల సౌదీ దేశస్థుడు. అడిగితే భార్య అన్నాడు. ఎయిర్ హోస్టెస్ ఊరుకోలేదు. ఢిల్లీలో పోలీసులు అతన్ని అరెస్టు చేశారు, దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ తర్వాత అతను బెయిలు మీద బయటికొచ్చి దేశం దాటిపోయాడు. పాపను అతనికి అప్పగించిన ఏర్పాటు మాత్రం పాతబస్తీలో అలాగే మిగిలింది.

ఎలా మిగిలిందో 2017 సెప్టెంబరులో తెలిసింది. పదహారేళ్ల కూతుర్ని అరవై అయిదేళ్ల ఒమన్ దేశస్థుడికి ఇచ్చి చేసి మస్కట్ పంపేశారని ఒక తల్లి ఫిర్యాదు చేసింది. హైదరాబాద్ పోలీసులు తీగ లాగితే డొంకంతా కదిలింది. ఒమన్, ఖతార్ దేశాలకు చెందిన ఎనిమిది మంది షేకులతో సహా 20 మందిని అరెస్టు చేశారు. వాళ్లలో దళారులున్నారు, లాడ్జీల వాళ్లున్నారు, ఖాజీలున్నారు. ముంబయి నుంచి వచ్చిన ఖాజీ కూడా ఉన్నాడు. కాగితాలు చూస్తే వ్యవహారం ఎంత పకడ్బందీగా నడిచిందో అర్థమవుతుంది. నిఖానామా మీద సంతకం, వేలిముద్ర పడే రోజునే, ఆ పక్కనే తేదీ వేయని తలాక్ కాగితాల మీద కూడా పడతాయి. షేకు విజిట్ వీసా గడువు తీరేసరికి పెళ్లి గడువు కూడా తీరిపోతుంది. దళారికి వాటా, ఖాజీకి వాటా, లాడ్జికి అద్దె. పిల్ల ఇంటికి చేరేది ఆఖరున మిగిలిన ముక్క.

దీన్ని పెళ్లి అనడానికి నాకు నోరు రాదు. ఇది దేశం నుంచి దేశానికి నడిచిన సెక్స్ టూరిజమే, కాకపోతే నిఖానామా చాటున. దీన్ని ఒక మతానికి అంటగట్టేవాళ్లకు ఒక మాట. ఈ దందా మీద గొంతు చించుకున్నవాళ్లలో ఆ గల్లీల ముస్లిం మహిళలే ముందున్నారు. అక్కడ అమ్ముడుపోయింది మతం కాదు, పేదరికం. ముగ్గురు నలుగురు ఆడపిల్లలు, తండ్రి ఆటోవాలా, ఇంటి అద్దె బాకీ. దళారికి ఈ లెక్కంతా ముందే తెలిసి ఉంటుంది.

1991కీ 2017కీ తేడా ఏమిటి? మొదటిసారి కొనేవాణ్ని పట్టుకున్నాం, వాడు పారిపోయాడు. రెండోసారి అమ్మేవాళ్లను కూడా పట్టుకున్నాం. ఖాజీ ఎక్కడికి పారిపోతాడు? అతని ముద్ర, రిజిస్టరు, ఇల్లు, పలుకుబడి అన్నీ ఇక్కడే ఉన్నాయి. 1880 నాటి ఖాజీల చట్టం ప్రకారం ఖాజీని నియమించేది ప్రభుత్వం. పనిలో తప్పు చేస్తే తొలగించేదీ ప్రభుత్వమే. హవాయిలో ఏజెంటు రిజిస్ట్రేషన్‌కు ఉన్న శక్తే ఇక్కడ ఖాజీ రిజిస్టరుకు ఉంది. అది ఇన్నేళ్లూ ఎందుకు వాడలేదన్నది వేరే ప్రశ్న. ఓట్లూ, మొహమాటాలూ అందులో ఉన్నాయి.

2017 అరెస్టులతో అంతా శుభ్రమైపోయిందని చెప్పను. ఫోన్‌లో నిఖా జరిపించి, వీసా తెప్పించి, పిల్లనే విమానం ఎక్కించే పద్ధతి అప్పటికే మొదలైంది. జపాన్ చేసిన పనే ఇది, మగవాడు రావడం కష్టమైతే ఆడపిల్లను పంపడం. ఫిలిప్పీన్స్‌లో ఈ వ్యాపారం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ 2003 నాటి చట్టంలోనే వ్యభిచారం కోసం టూర్లు ఏర్పాటు చేయడం మనుషుల అక్రమ రవాణా కిందికి వస్తుందని స్పష్టంగా రాశారు. కానీ ఈలోగా కొనేవాడికి విమానం ఎక్కే పనే లేకుండా పోయింది. పల్లెటూరి ఇంట్లో కెమెరా ముందు పిల్లలను నిలబెడితే, వేల మైళ్ల అవతల కూర్చున్నవాడు చూస్తూ డబ్బు పంపిస్తాడు. 2022లో దాని మీద విడిగా చట్టం చేయాల్సి వచ్చింది. అయితే అక్కడ కూడా ఆ డబ్బు ఏదో ఒక కంపెనీ ద్వారానే చేరాలి. చిన్న చిన్న మొత్తాలు, పొంతన లేని దేశాల నుంచి, ఒకే ఇంటికి. మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటరుకు అది కనిపించదంటే నేను నమ్మను.

కాబట్టి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. ఈ చట్టాలు కోరికను చంపలేవు, చంపుతాయని ఆశించడం తప్పు. జైలుకు వెళ్లినవాళ్ల సంఖ్యతో వాటిని కొలవడమూ తప్పే. బోర్డు పెట్టి, ప్రకటన వేసి, రశీదు ఇచ్చి అమ్మగలిగినప్పుడు ఎవరైనా కొంటాడు. మామూలు మనిషి, ఇంట్లో పెద్దమనిషి, స్నేహితులు లాగితే వెళ్లేవాడు కూడా కొంటాడు. చాటుగా వెతుక్కోవాల్సి వస్తే వాళ్లలో చాలామంది వెతకరు. మిగిలేది పట్టుదల ఉన్న కొద్దిమంది. వాళ్ల కోసం పోలీసులు, పాస్‌పోర్టు ఆఫీసులు, దేశాల మధ్య ఒప్పందాలు ఉండనే ఉన్నాయి. జనం అంతా ఒకటిగా ఉన్నప్పుడు వాళ్లను ఏరడం కష్టం. పలచబడ్డాక తేలిక.

మనకు కావలసింది కూడా పెద్ద శాసనమేమీ కాదు. ట్రావెల్ ఏజెన్సీకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలి. దేనికో తెలిసి అలాంటి ప్రయాణం అమ్మితే, వెళ్లిన దేశం ఏమన్నా సరే, అది నేరమని న్యూయార్క్‌లా ఒక్క వాక్యం చేర్చాలి. డీలర్ల టూరుకు డబ్బు కట్టే కంపెనీ కూడా ఆ వాక్యం కిందికి రావాలి.

చివరగా లాడ్జీలు, హోటళ్లు నడిపే శ్రోతలకు, అక్కడ రిసెప్షన్‌లో పనిచేసేవాళ్లకు ఒక మాట. పిల్లల మీద లైంగిక నేరం జరుగుతోందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. తెలిసి చెప్పకపోతే అది కూడా నేరమే. పెద్దవయసు మనిషి వెంట పద్నాలుగేళ్ల పిల్ల గదికి వస్తే, చేతిలో నిఖానామా ఉన్నా, పెళ్లి ఫోటో చూపించినా, చట్టం దృష్టిలో ఆమె పిల్లే. తాళం చేతికిచ్చే ముందు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.